ముందు నేల, తర్వాత దీపం, ఆఖరున గోడ

పెయింటు షాపులో షేడ్ కార్డు విప్పితే ఈ రోజుల్లో చాలామంది చెయ్యి గ్రే పేజీల దగ్గరే ఆగుతోంది. కొందరికి ఆ కోరిక వీడియో కాల్‌లో పుడుతుంది. అమెరికాలో ఉన్న కూతురు మాట్లాడుతుంటే ఆమె వెనక గోడ నెమ్మదిగా, హుందాగా కనిపిస్తుంది. "మనమూ అదే వేయిద్దామండీ" అని ఇక్కడ తల్లి తండ్రితో అంటుంది. అక్కడ ఆ తరహా గోడలకు పేర్లూ నంబర్లూ ఉన్నాయి. షెర్విన్ విలియమ్స్ కంపెనీ వారి 'అగ్రీయబుల్ గ్రే', నంబరు 7029, అమెరికా బిల్డర్లు విరివిగా వాడే రంగు. డాలస్ శివార్లలో మనవాళ్లు పాలు పొంగించిన కొత్త ఇళ్లలో చాలా గోడలు అదో, దానికి దగ్గరి చుట్టమో అయి ఉంటాయి.

ఆ నంబరు రాసుకుని వెళ్తే మన షాపులో మిషన్ దగ్గరి కుర్రాడు సరిపోయే షేడ్ కలిపి ఇస్తాడు. అందులో కష్టమేమీ లేదు. తంటా అంతా గోడ ఆరాక మొదలవుతుంది. అమ్మాయి ఇంట్లో వెచ్చగా కనిపించిన రంగు మన హాల్లో నీలంగానో, ఊదాగానో, ఇంకా అన్యాయంగా సిమెంటులాగానో తేలుతుంది. షాపువాడు మోసం చేశాడనుకుంటారు, మేస్త్రీ నీళ్లెక్కువ కలిపాడనుకుంటారు. పాపం ఇద్దరి తప్పూ ఉండకపోవచ్చు. అక్కడ కింద చెక్క ఫ్లోరింగు, పైన పసుపు వెలుగు దీపాలు. ఇక్కడ కింద ఐవరీ టైల్సు, గోడకు తెల్లటి ట్యూబ్‌లైటు, గుమ్మాలకు టేకు. డబ్బాలో ఉన్నది ఒకే రంగు అయినా రెండు గదుల్లో అది ఒకేలా కనిపించదు.

అందుకే ఇల్లు కట్టేవాళ్లకూ, పాత ఇంటికి రంగులు మార్చేవాళ్లకూ నేను చెప్పేది ఒకటుంది. గ్రే వేయాలనుకుంటే గోడ రంగును అన్నిటికంటే ఆఖరున తేల్చండి. మామూలుగా దీన్ని తలకిందులుగా చేస్తాం. రంగు మొదట ఖాయం చేసుకుని, దీపాలు ఎలక్ట్రీషియన్‌కు వదిలేసి, కర్టెన్లు గృహప్రవేశం ముందు రోజు హడావిడిగా కొంటాం. క్రీమ్ కలరుకైతే ఆ పద్ధతి చెల్లిపోయింది. గ్రేకు చెల్లదు.

ఎందుకు చెల్లదో తెలియాలంటే ఒక పాత ఫిర్యాదు కథ వినాలి. పారిస్‌లో గోబెలాన్ అనే పేరుమోసిన నేత కార్ఖానా ఉంది. గోడలకు వేలాడదీసే బొమ్మల తెరలు నేస్తారక్కడ. 1824లో మిషెల్ షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్త అక్కడ అద్దకాల విభాగానికి అధిపతిగా చేరాడు. నల్ల ఊలు సరైన నలుపు రావడం లేదని ఆయనకు ఫిర్యాదులు వచ్చాయి. ఆయన ఇతర కార్ఖానాల నల్ల ఊలు కూడా తెప్పించి పోల్చి చూస్తే అద్దకంలో లోపమే కనిపించలేదు. ఆ నల్లదారాన్ని నీలం, ఊదా దారాల పక్కన నేస్తున్నారు. పక్క రంగు వల్ల కంటికి నలుపు వెలిసినట్టు అనిపిస్తోంది. ఈ సంగతి మీదే ఆయన ఏళ్ల తరబడి పనిచేసి 1839లో పెద్ద పుస్తకం తెచ్చాడు. ఏ రంగైనా, రంగుల చక్రంలో తనకు ఎదురుగా ఉండే రంగు ఛాయను పక్కవాటికి అంటిస్తుందన్నది అందులోని సారం.

ఆ అంటింపుకు అందరికంటే ముందు లొంగేది బూడిద రంగు, ఎందుకంటే దానికి సొంత రంగు బలం తక్కువ. ఎర్ర సోఫా వెనక గ్రే గోడ ఆకుపచ్చ వైపు జరుగుతుంది. ఆకుపచ్చ కర్టెన్ల మధ్య అదే గోడ లేత గులాబీ చాయకు పోతుంది. పసుపు పచ్చ మొహం ఉన్న టైల్సు మీద నిలబడితే నీలం, ఊదా పలుకుతుంది. కాబట్టి గదిలో ఏమేమి ఉంటాయో తెలియకుండా గ్రే కొనడమంటే పెళ్లికూతుర్ని చూడకుండా జాకెట్టు కుట్టించడమే.

పైగా గ్రే ఒకటి కాదు. షేడ్ కార్డులో విడివిడిగా చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. దీనికి ఖర్చులేని కిటుకు ఒకటుంది. తెల్లటి జెరాక్స్ కాగితం ఒకటి జేబులో పెట్టుకుని షాపుకు వెళ్లండి. షేడ్ ముక్కను ఆ కాగితం మీద పెట్టి, పక్కనే ఇంకో రెండు మూడు గ్రేలు పెట్టండి. అప్పుడు దేని అసలు రంగు దానికి బయటపడుతుంది. ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ, ఒకటి వంకాయ రంగు, ఇంకొకటి గోధుమ రంగు. ఈ ఆఖరి రకాన్ని షాపుల్లో వార్మ్ గ్రే అనో గ్రేజ్ అనో అంటారు. పాత మేస్త్రీలకు ఇదంతా కొట్టినపిండి. మిషన్లు రాకముందు తెలుపులో నలుపు స్టెయినర్ కలిపి బూడిద రంగు తయారుచేసేవాళ్లు. నలుపూ తెలుపూ మాత్రమే కలిపితే చల్లగా, నీలం పొడగట్టుతూ వస్తుంది. చిటికెడు పసుపు స్టెయినర్, ఇంకా తక్కువగా ఎరుపు వేస్తే ఆ నీలం చచ్చి రంగు వెచ్చబడుతుంది. ఇప్పుడు మిషన్ చేస్తున్నదీ అదే, కాకపోతే కొలతతో చేస్తోంది.

ఇక మీ ఇంటి నేల చూడండి. నేలను మీరు మార్చరు, మార్చాలంటే లక్షలు. మన అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా పరిచేది ఐవరీ విట్రిఫైడ్ టైల్సు. కొన్నప్పుడు తెలుపే అనిపిస్తుంది కానీ పైన జెరాక్స్ కాగితం పడేసి చూస్తే పసుపు తేలిపోతుంది. దీని మీద నీలం గ్రే గోడ నిలబెడితే రెండూ దెబ్బతింటాయి, నేల మాసినట్టు, గోడ జలుబు చేసినట్టు. ఐవరీ టైల్సు ఉన్నవాళ్లు గోధుమ చాయ ఉన్న గ్రే దాటి పోవద్దు. తాండూరు నీలి బండలు పరిచిన పాత ఇల్లయితే లెక్క వేరు. ఆ బండే సహజమైన గ్రే. దానికి పోటీగా గోడకు అంతే ముదురు గ్రే వేస్తే గది గోదాములా ఉంటుంది. బండ కంటే బాగా లేతగా, దాదాపు తెలుపు అనిపించేంత గ్రే వేయండి. ఎర్ర గచ్చు ఇంకా మిగిలి ఉన్న అదృష్టవంతులు గ్రే జోలికే పోవద్దని నా సలహా, ఆ నేలకు సున్నపు తెలుపును మించిన జోడు లేదు. వంటింట్లో చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గట్టు ఉంటే అందులోని బంగారు రంగు చుక్కల్ని చూసి వార్మ్ గ్రే ఎంచుకోండి. టేకు తలుపులకూ అదే నప్పుతుంది.

నేల తర్వాత దీపం. ఇక్కడే ఎక్కువ ఇళ్లు దెబ్బతింటాయి కాబట్టి కొంచెం నిలబడి మాట్లాడుకుందాం.

ఎల్ఈడీ బల్బు అట్టపెట్టె మీద కెల్విన్ అంకె ఉంటుంది. 2700, 3000 అంటే పాత ఫిలమెంటు బల్బు లాంటి పసుపు వెలుగు. 4000 మధ్యస్థం. 6500 అంటే తెల్లగా, కాస్త నీలంగా ఉండే వెలుగు. మనవాళ్లకు 6500 అంటే ప్రాణం. "వెలుతురు బాగా ఉండాలి" అంటూ హాలుకూ బెడ్‌రూమ్‌కూ వంటింటికీ అదే బిగిస్తారు. ఆ దీపం కింద ఏ గ్రే అయినా నీలానికి తిరుగుతుంది. పగలు ముచ్చటగా ఉన్న గోడ రాత్రి ఏడు గంటలకు ఆసుపత్రి వరండాలా కనిపించడానికి కారణం అదే. అలాగని 2700 బల్బు వేస్తే గోధుమ చాయ గ్రే మరీ పసుపెక్కి క్రీమ్ అయిపోతుంది, గ్రే వేసిన డబ్బు వృథా. హాలుకూ భోజనాల గదికీ 4000 పెట్టుకుంటే గ్రే తన రంగులో ఉంటుంది, చదువుకునే పిల్లలకు వెలుతురూ చాలుతుంది. బెడ్‌రూమ్‌లో 3000 చాలు. అట్టపెట్టె మీద సీఆర్ఐ అని ఇంకో అంకె వెతకండి. రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే కొలత అది, పూర్తి మార్కులు 100. 80 మామూలు సరుకు, 90 దాటితే మంచిది. గ్రే గదిలో తక్కువ సీఆర్ఐ దీపం కింద కూర్చుని తింటే టమాటా పప్పు కూడా వెలిసిపోయినట్టు కనిపిస్తుంది.

పగటి వెలుగు సంగతి దిక్కును బట్టి ఉంటుంది. ఉత్తరం కిటికీ నుంచి వచ్చేది చాలావరకు ఆకాశపు వెలుగు, నీలం దానితోనే వస్తుంది. అక్కడ వెచ్చటి గ్రే వేయాలి. పడమటి గది సాయంత్రానికి నారింజ రంగుకు తిరుగుతుంది, కాస్త చల్లటి గ్రే వేసినా ఓర్చుకుంటుంది. దిక్కుల కంటే ముఖ్యమైనది మన ఊళ్లలో ఇంకొకటుంది, ఎదురింటి గోడ. రెండు అపార్ట్‌మెంట్ల మధ్య పదడుగుల సందు ఉన్నచోట మీ కిటికీలోకి వచ్చేది సూర్యుడి వెలుగు కాదు, ఎదురింటివాళ్లు వేసుకున్న రంగు. వాళ్లది చిలకాకుపచ్చ అయితే మధ్యాహ్నం పూట మీ గ్రే గోడ మీద అది పరుచుకుంటుంది. షేడ్ కార్డు ఎంత తిరగేసినా ఈ సంగతి తెలియదు, ఇంట్లో నిలబడి చూస్తేనే తెలుస్తుంది.

ఎంత ముదురు వేయాలన్నది ఆ తర్వాతి ప్రశ్న. కొన్ని కంపెనీలు షేడ్‌తో పాటు ఎల్ఆర్‌వి అనే అంకె ఇస్తాయి. గోడ ఎంత వెలుతురును తిరిగి గదిలోకి పంపిస్తుందో చెప్పే కొలత. మచ్చలేని నలుపు 0, మచ్చలేని తెలుపు 100. పైన చెప్పిన అగ్రీయబుల్ గ్రే 60 దగ్గర ఉంటుంది. ఎండ బాగా పడే హాలుకు 55 నుంచి 65 మధ్య చూసుకోండి. కిటికీ ఒక్కటే ఉన్న గదికి 65 పైన. ముదురు గ్రే మీద మరీ మోజుంటే మంచం తలవైపు గోడ ఒక్కదానికి వేసుకోండి. వెలుతురు లేని నడవాకు మాత్రం వద్దు. పట్టపగలు లైటు వేసుకుని తిరగాల్సి వస్తుంది, ఆ కరెంటు బిల్లు ఏ మ్యాగజైన్ ఫొటోలోనూ కనిపించదు.

ఇప్పుడు పరీక్ష. అగ్గిపెట్టెంత షేడ్ ముక్క చూసి నలభై లీటర్లు ఆర్డరిచ్చేవాళ్ల ధైర్యానికి దండం పెట్టాలి. నచ్చిన మూడు షేడ్లను చిన్న డబ్బాల్లో కలిపించి తెచ్చుకోండి. పాత గోడ మీద నేరుగా గీయించకండి, చుట్టూ ఉన్న పాత ఆకుపచ్చో గులాబీయో షెవ్రూల్ చెప్పిన మాయ చేస్తుంది. రెండడుగుల ప్లైవుడ్ ముక్కలకు ప్రైమర్ కొట్టించి, ఒక్కో షేడ్ రెండు కోటింగులు వేయించండి. అంచున రెండంగుళాలు తెల్లగా వదలండి. తడి మీద నిర్ణయం తీసుకోవద్దు, ఎమల్షన్ ఆరేకొద్దీ రంగు మారుతుంది, ఎక్కువగా ముదురుతుంది. ఆరాక ఆ పలకను గోడకు నిలబెట్టి చూడండి. నేల మీద పడుకోబెట్టి చూస్తే పై వెలుతురు పడి లేతగా కనిపిస్తుంది. పొద్దున కాఫీ తాగేటప్పుడు ఒకసారి, భోజనాల వేళ ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఒకసారి, రాత్రి మీ బల్బుల కింద ఒకసారి. ఒక గోడ దగ్గరే కాదు, కిటికీ పక్క గోడకూ ఎదుటి గోడకూ మార్చి పెట్టండి. పలక కింద టైలు, పక్కన సోఫా గుడ్డ ముక్క ఉండాలి. మూడింటిలో ఏది రోజంతా మీకు చిరాకు తెప్పించలేదో అదే మీ రంగు. ఒక పూట అదరగొట్టి రెండు పూటలు ఏడిపించే రంగు వద్దు.

మేస్త్రీ ఈ దశలో ఒక మాట తప్పకుండా అంటాడు. "అమ్మగారూ, ఇది వేస్తే ప్లాస్టరింగ్ దగ్గరే పని ఆపేసినట్టుంటుందండీ." ఇంట్లో పెద్దవాళ్లూ ఆయన పక్షమే. ఆ మాటను పాతకాలపు ఆలోచన అని తీసిపారేయకండి. మన ఊళ్లలో డబ్బులు అయిపోయి సగంలో ఆగిన ఇల్లంటే సిమెంటు రంగు గోడే. చూసేవాళ్ల మనసులో ఆ బొమ్మ ముందే ఉంది. దాన్ని చెరపగలిగేవి అంచులు. సీలింగు తెల్లగా, గోడా సీలింగు కలిసేచోట గీత కత్తితో కోసినట్టు ఉండాలి. కిటికీ చట్రాలు, స్కర్టింగు శుభ్రంగా తేలాలి. గోడ నున్నగా ఉండాలి. గదిలో కొంచెం చెక్క కనిపించాలి. ఇవి ఉంటే గ్రే కావాలని వేసినట్టు తెలుస్తుంది. సీలింగుకు కూడా గ్రే లాగి, అంచులు మసకబార్చి, ప్లాస్టిక్ కుర్చీలు వేస్తే మేస్త్రీ మాటే నిజమవుతుంది.

నున్నదనం అన్నాను కాబట్టి లప్పం గురించి. క్రీమ్ గోడ మీద లప్పం ఎత్తుపల్లాలు పెద్దగా కనిపించవు. గ్రే మీద, అదీ గోడకు ఆనించి బిగించిన ట్యూబ్‌లైటు కింద, ప్రతి గుంటా నీడ వేసుకుని కూర్చుంటుంది. రెండు చేతులు లప్పం పెట్టించి, ఎమరీ పేపరు పట్టేటప్పుడు ఫోను టార్చి గోడకు అడ్డంగా పట్టి చూపించమనండి. మేస్త్రీ విసుక్కుంటాడు, పట్టించుకోకండి. మెరుపు తక్కువ ఉండే మ్యాట్ ఫినిష్ లోపాల్ని దాచుతుంది, కానీ మన ఇళ్లలో దానికో శత్రువు ఉంది, కొబ్బరినూనె. సోఫాలో వెనక్కి వాలి టీవీ చూసేచోట, మంచం మీద ఆనుకుని ఫోను చూసేచోట, కొద్ది నెలల్లోనే తలకాయంత నల్లటి మెరుపు మచ్చ పడుతుంది. అందుకని కడగడానికి వీలైన, ఒక మోస్తరు మెరుపున్న ఎమల్షన్ తీసుకోండి, లేదా సోఫాను గోడకు జానెడు ఎడంగా జరపండి.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లవాళ్లకు ఇంకో జాగ్రత్త. గోడలో నెమ్ము ఉంటే లోపలి ఉప్పు తెల్లగా పైకి పొంగుతుంది. తెల్లగోడ మీద అది కనపడకుండా గడిచిపోతుంది, గ్రే మీద బూజు పట్టినట్టు పరుచుకుంటుంది. బాత్రూమ్ వెనక గోడ, నేలకు దగ్గర్లోని అడుగు మేర గోడ ముందు చూసుకోండి. నెమ్ము ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి బాగుచేయించాకే రంగు. పైన ఎంత ఖరీదైన డబ్బా పోసినా లోపలి నీళ్లు ఆగవు.

రంగు కుదిరాక గదిని నింపడం సరదా పని, ఇక్కడ మన చేతిపనివాళ్ల సరుకు ముందు ఏ షోరూము సరుకూ నిలబడదు. గ్రే గోడ ముందు కలంకారీ చూడండి. శ్రీకాళహస్తిలో కలంతో గీసే పని, పెడనలో అచ్చులతో అద్దే పని, రెండింటిలోనూ సహజ రంగులతో చేసింది అయితే ఎరుపు కాస్త మట్టి వాసన ఉన్న ఎరుపు. నలుపు ఇనుమూ బెల్లమూ నానబెట్టి పులియబెట్టిన కషాయంతో వచ్చిన నలుపు. అరుపులు లేని ఆ రంగులు క్రీమ్ గోడ మీద కలిసిపోతాయి, గ్రే మీద లేచి నిలబడతాయి. చేర్యాల బొమ్మల పటం నేపథ్యం నిండా ఎరుపే కాబట్టి గోడకు ఒక్కటి చాలు, పక్కన ఇంకేం వద్దు. కర్టెన్లకు మంగళగిరి నూలు, తెలుపులో గానీ ఆవ రంగులో గానీ. అమ్మమ్మ ఇత్తడి బిందె ఉంటే దాన్ని అటక మీంచి దించి మూలలో పెట్టండి, గ్రే ముందు ఇత్తడికి వచ్చినంత కళ ఇంకే గోడ ముందూ రాదు. కుషన్లు, కార్పెట్టు, కర్టెన్లు, సోఫా అన్నీ గ్రేలోనే కొనే ఫ్యాషన్ ఒకటి నడుస్తోంది. ఫొటోకు బాగుంటుంది, నాలుగు రోజులకు మనిషికి దిగులు పుడుతుంది.

పూజ గదిని వదిలేయండి. పసుపూ కుంకుమా ఉండే చోట గ్రే వేసి సాధించేది ఏమీ లేదు, అత్తగారితో మాటామాటా తప్ప. పొయ్యి వెనక గోడా అంతే, అక్కడ టైల్సు ఉండాలి.

కొలతలు త్వరగా చెప్పుకుందాం. పది పన్నెండడుగుల గది, ఎత్తు పదడుగులు అనుకుంటే నాలుగు గోడలు కలిపి 440 చదరపు అడుగులు. తలుపూ కిటికీ తీసేస్తే 400. నున్నటి గోడ మీద మంచి ఎమల్షన్ లీటరు, రెండు కోటింగులకు కలిపి దాదాపు 120 నుంచి 140 అడుగులు లాగుతుంది. అంటే గదికి సుమారు మూడు లీటర్లు. హాలుకు కావలసినదంతా ఒకేసారి కలిపించండి. రెండు బకెట్లు వస్తే పని మొదలుపెట్టే ముందు రెండిటినీ ఒక డ్రమ్ములో పోసి కలపమనండి. వేర్వేరు రోజుల్లో కలిపిన గ్రేలో వెంట్రుకవాసి తేడా వచ్చినా గోడ మధ్యలో గీత తెలిసిపోతుంది.

పని అయ్యాక అర లీటరు రంగు గాలి చొరని చిన్న డబ్బాలో పోయించి దాచుకోండి. డబ్బా మీద అంటించిన చీటీలో కంపెనీ, షేడ్ కోడు, బేస్, కలిపిన తేదీ ఉంటాయి. ఫొటో తీసుకుంటే సరిపోదు, షెల్ఫు తలుపు లోపలివైపు స్కెచ్ పెన్నుతో రాసి పెట్టండి. ఏదో ఒకరోజు ఏసీ వాడో, కేబుల్ వాడో గోడకు కన్నం పెట్టక మానడు. ఆ కోడు లేకపోతే అరచేతంత అతుకు కోసం గోడ మొత్తం మళ్లీ వేయించాలి.